గుణదల కొండ దగ్గర యాభై ఒకటో కీర్తన

అమ్మ ఆపరేషన్ క్షేమంగా జరిగితే విజయవాడ గుణదల మరియమాత దగ్గరికి వచ్చి తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. ఆ తల్లి విన్నది. మొన్న ఫిబ్రవరి ఉత్సవాలకు అమ్మనే వెంటబెట్టుకెళ్లి మొక్కు తీర్చుకున్నాను.

1924లో ఫాదర్ అర్లాటి మరియమాత స్వరూపాన్ని నిలిపిన ఆ కొండ గురించి కొత్తగా చెప్పేదేముంది? జనం గురించే చెప్పాలి. తోపులాట, మైకుల హోరు, గుహ ముందు నిలబడి సెల్ఫీలు! చంటిపిల్లల తల్లులకైనా కాస్త దారివ్వరు. అమ్మకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని నాకు ఒకటే టెన్షన్. గుహ దగ్గర రెప్పపాటు నిలిచామేమో. నీలం నడికట్టు, జోడించిన చేతులు కనిపించాయి. అంతలో వెనకనుంచి నెట్టేశారు. అయినా కళ్లు నిండిపోయాయి.

ఇక బయల్దేరదామంటే అమ్మ కదల్లేదు. "పాపసంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం ఎలా తీసుకుంటావురా?" అంది. పూజలో ఇచ్చే ప్రసాదం తీసుకునే ముందు గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవాలని ఆమె మాట. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. పొలం పంపకాలప్పటి నుంచి అన్నయ్యకూ నాకూ మాటల్లేవు.

పాపసంకీర్తనానికి షామియానా కింద వరస చాలా పొడుగ్గా ఉంది. పక్కనే చాప పరుచుకు కూర్చున్న ఒక పెద్దావిడ అమ్మను చూసి సగం చాప ఖాళీ చేసింది, మంచినీళ్లిచ్చింది. "మాది లూథరన్ సంఘమమ్మా, అయినా ఏటా ఈ తల్లి దగ్గరికి వస్తాను" అంది. నేను వరసలో ఉన్నంతసేపూ ఆవిడ బైబిల్లో దావీదు రాజు పశ్చాత్తాపపడి పాడిన యాభై ఒకటో కీర్తనను పుస్తకం చూడకుండా చెబుతూనే ఉంది. "నా పాపమెల్లప్పుడు నాయెదుట నున్నది" అన్నచోట ఆ గొంతు వణికింది. ఎన్నిసార్లో విన్న వాక్యం, ఆ రోజే నాకు తగిలింది.

గురువుగారి దగ్గర మోకరించి అన్నయ్య సంగతి చెప్పాను. చెబుతూనే పంపకాల్లో జరిగిన అన్యాయమంతా ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "బాబూ, పాపం చేశానని సౌలు రాజూ అన్నాడు, దావీదు రాజూ అన్నాడు. కానీ సౌలు జనానికి భయపడి చేశానన్నాడు. పైగా పెద్దల ఎదుట నా పరువు నిలబెట్టమని సమూయేలు ప్రవక్తను బతిమాలాడు. నాతాను ప్రవక్త 'ఆ మనుష్యుడవు నీవే' అన్నప్పుడు దావీదు ఒక్క సాకు చెప్పాడా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. దావీదు చేసింది చిన్న తప్పు కాదు. తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. అంతటి రాజు, యెహోవాకు విరోధంగా పాపం చేశానని ఒప్పుకుని ఊరుకున్నాడు. బత్షెబ మీదికి నెట్టలేదు. నేను అన్నయ్య తప్పులు తీసి పక్కనపెట్టి, నేనన్న మాటలు మాత్రమే మళ్లీ చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు గానీ, అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు.

1858 ఫిబ్రవరి 24న ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత బెర్నదెత్త అనే బాలికకు కనిపించి ముమ్మారు చెప్పింది కూడా పశ్చాత్తాపం గురించే. మనం మాత్రం కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ గుర్తుపెట్టుకుని ఆ మాట వదిలేస్తున్నాం. మొక్కులు వద్దనడం లేదు, నేనూ మొక్కుకున్నవాడినే. కానీ "విరిగిన మనస్సే దేవునికిష్టమైన బలులు" అని వాక్యం చెబుతోంది కదా.

కొండ దిగాక అన్నయ్యకు ఫోన్ చేశాను. ముందుగా అమ్మ ఎలా ఉందని అడిగాడు. నేను అన్న మాటలకు క్షమించమన్నాను. పొలం ఊసు ఇద్దరం ఎత్తలేదు. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు మన ఊరి గుడికే రమ్మన్నాడు. వస్తామని చెప్పాను.