లోహం లేని నగ: పూసల హారంతో నా అనుభవం

ఒక చేతిపనుల ప్రదర్శనకు నేను అల్లిన పూసల హారం ఎంపికైనట్లు నిన్న సాయంత్రం తెలిసింది. దరఖాస్తు నింపడం, ఫొటోలు పంపడం, రుసుము కట్టడం ఏ ఇబ్బందీ లేకుండా ముగిశాయి. నన్ను ఏడిపించినదల్లా వస్తువును స్వయంగా తీసుకెళ్లి చూపించవలసిన పరిశీలన ఘట్టమే.

ముందుగా ఆ హారం సంగతి చెప్పాలి. ఎండిన చెరువు అడుగున నేల బీటలు వారిన తీరును కాగితం మీద గీసుకుని, జపాన్‌లో తయారయ్యే డెలికా అనే సన్నని గాజు పూసలతో అల్లాను. పదకొండో నంబరు డెలికా పూస వ్యాసం సుమారు 1.6 మిల్లీమీటర్లు. నేను వాడిన అల్లిక పేరు పెయోటీ కుట్టు; సూదీ దారంతో పూసలను ఒక్కొక్కటిగా అల్లే ఈ పద్ధతిలో ప్రతి పూసా కింది వరుసలోని రెండు పూసల నడుమ సందులో, ఇటుక గోడలో వలె సగం పక్కకు జరిగి కూర్చుంటుంది కాబట్టి, మామూలు గళ్ల కాగితం మీద నిలువుగా గీసిన గీత అల్లికలోకి వచ్చేసరికి వంకర పోతుంది. అందుకు తగిన గళ్లను వేరుగా గీసుకోవాలి. బీటల కోసం మాత్రం, ఎప్పుడో కొని దాచుకున్న పాపానాయుడుపేట పూసలు వాడాను. తిరుపతికి దగ్గరలోని ఆ ఊళ్లో కరిగిన గాజును బోలుగా సాగదీసి, ఆ సన్నని గొట్టాలను ముక్కలు చేసి, మళ్లీ వేడిచేసి అంచులు నునుపు చేస్తారు. ఏ రెండు పూసలూ ఒకే కొలతలో ఉండవు; బీటకు కావలసిన గరుకుదనం ఆ తేడాలోనే ఉంది.

పరిశీలనలో మొదట నగల విభాగానికి వెళ్లాను. అక్కడి ఫారంలో ‘వాడిన లోహం, బరువు’ అనే గడి ఖాళీగా ఉండటం చూసి, ఆ అధికారి "లోహం లేకుండా నగ ఏమిటమ్మా?" అని అడిగారు. హారాన్ని త్రాసులో వేసి, దానికి నేను రాసిన ధర చూసి, పక్కనున్నాయనకు చూపించి నవ్వారు. సూదీ దారంతో చేసిన పని కాబట్టి వస్త్ర విభాగానికి వెళ్లమన్నారు. అక్కడివారు హారాన్ని తిరగేసి, "బట్ట ఏది? బట్ట మీద పూసలు కుడితే మగ్గం వర్క్ అంటాం, ఇవి ఉత్త పూసలే కదా" అని గాజు విభాగానికి పంపారు. గాజు విభాగంలో ఒక్కటే ప్రశ్న: "గాజు మీరే కరిగించారా?" లేదన్నాను. "అయితే ఇది మా కిందికి రాదమ్మా."

మళ్లీ మొదటి బల్ల దగ్గరకే చేరాను. ఈసారి పూసలు జపాన్‌వని తెలిసి, ఇది మన కళ ఎలా అవుతుందన్నారు. జరీ సూరత్ నుంచి వచ్చినంత మాత్రాన ఉప్పాడ చీర గుజరాత్‌ది అయిపోతుందా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. అమెరికాలో జాయిస్ స్కాట్ అనే కళాకారిణి ఇదే పెయోటీ కుట్టుతో హారాలూ శిల్పాలూ చేసి 2016లో అక్కడి పేరున్న పురస్కారం మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారని కూడా చెప్పాను. "ఆవిడ ఏ లోహం వాడతారు?" అన్నారు. నల్లపూసలు లేనిదే పెళ్లి తంతు పూర్తికాని ఇళ్లలో పుట్టినవారికి పూస విలువను ఇంతగా వివరించవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. బంగారం ధర రోజూ పత్రికలో వస్తుంది కాబట్టి దాన్ని లెక్కగట్టగలరు. ఏ రంగు పక్కన ఏ రంగు పూస పెట్టాలో తేల్చుకోవడానికి పట్టే ఆలోచనను తూచే త్రాసు వారి దగ్గర లేదు.

చివరకు దారి చూపించినది టీ పంచుతున్న అబ్బాయి. "మేడమ్, ఆ కొక్కెం ఇత్తడిదే కదా?" అన్నాడు. కొక్కెం విప్పి తూస్తే మూడు గ్రాములు వచ్చింది. ఆ అంకె గడిలో పడగానే అభ్యంతరాలన్నీ తీరిపోయాయి. నా చెరువు ‘ఇత్తడి నగలు’ పద్దులో నమోదైంది.

ఇటువంటి పరిశీలనకు వెళ్లేవారు సగం అల్లిన ముక్కను సూదితో సహా తీసుకెళ్లండి, ఏ యంత్రంతో చేశారన్న ప్రశ్నకు నోటిమాట చాలదు. గట్టిదనం చూస్తామని ఎవరైనా హారాన్ని గుంజబోతే నిర్మొహమాటంగా ఆపండి. కొక్కేన్ని మాత్రం ముందే విడిగా తూయించి, బరువు రాసి పెట్టుకోండి.