జాయిన్ ఎక్కడ, కనెక్ట్ ఎక్కడ?

మిస్సోరీ నది వెళ్లి మిసిసిపీలో కలుస్తుంది. పనామా కాలువ అట్లాంటిక్‌నీ పసిఫిక్‌నీ కలుపుతుంది. తెలుగులో కలవడం, కలపడం అనే ఒక్క జంటతో రెండు పనులూ అయిపోయాయి. ఇంగ్లీషులో మొదటి వాక్యానికి 'జాయిన్' సహజంగా పడుతుంది, రెండోదానికి 'కనెక్ట్'. ఇంగ్లీషు రాసేటప్పుడు మనవాళ్లు ఈ రెంటినీ తారుమారు చేయడానికి మూలం ఇదే. మన క్రియ ఎక్కడా చీలదు, వాళ్ల క్రియ చీలుతుంది.

చీలిక ఎక్కడుందో ఆ నీళ్లలోనే కనిపిస్తుంది. సంగమం దాటాక మిస్సోరీ అనే పేరు ఉండదు, ఒకటే ప్రవాహం సాగుతుంది. అంచులు తాకి రెండూ ఒకటైతే, లేదా ఒకటి ఇంకోదానిలో భాగమైతే, అది జాయిన్. పనామా కాలువను 1914లో తెరిచాక మాత్రం సముద్రాలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్య ఓడలు వెళ్లడానికి దారి పడింది, అంతే. రెండూ రెండుగానే ఉండి మధ్యలో దారి తెరుచుకుంటే కనెక్ట్. కాలువ విషయంలో జాయిన్ అన్నా వ్యాకరణం తప్పు పట్టదు. కానీ నది విషయంలో కనెక్ట్ అంటే చదివేవాడికి మధ్యలో ఏదో కాలువ ఉందనిపిస్తుంది.

పుట్టుక చూసినా ఇదే తేడా. జాయిన్ లాటిన్ 'యుంగెరె' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాడి అని అర్థమిచ్చే ఇంగ్లీషు 'యోక్', మన యోగం, సంయోగం, యుక్తం అన్నీ దానికి బంధువులే, లాటిన్ కంటే పాతదైన ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృతంలో 'యుజ్' ధాతువుదీ అదే మూలం. కనెక్ట్‌లో ఉన్నది 'నెక్తెరె', అంటే కట్టడం, ముడివేయడం. 'నెక్సస్' కూడా అక్కడిదే. ముడి వేసినది విప్పవచ్చు. ఇది గుర్తుంటే సగం సందేహాలు తీరతాయి.

ఎందుకంటే ఈ రెండు మాటలకూ నమ్మదగిన పరీక్ష వాటి వ్యతిరేకాలే. రాయబోయే వాక్యాన్ని తిరగేసి చూడండి. 'డిస్‌కనెక్ట్' సరిగ్గా అతికితే అసలు వాక్యంలో కనెక్ట్ ఉండాలి. ప్రింటర్, ఫోన్ లైన్, బ్యాటరీ తీగ, నీటి సరఫరా అన్నీ ఇందులోకే వస్తాయి. తిరగేసినప్పుడు 'లీవ్' వస్తే, అంటే సంఘం, సైన్యం, ఉద్యోగం, వాట్సాప్ గ్రూపు లాంటివైతే, జాయిన్. తిరగేయడానికి కోయాలో విరగ్గొట్టాలో అనిపిస్తే అదీ జాయినే.

పనివాళ్ల భాషలో ఈ తేడా చాలా కచ్చితంగా ఉంటుంది. చెక్కలో గాడి చేసి కుసి దించితే అది జాయింట్. ఆ పని జాయినరీ, చేసేవాడు జాయినర్. చెక్కపనిలో దాన్ని కనెక్షన్ అనరు. పీవీసీ గొట్టాలకు సాల్వెంట్ సిమెంట్ రాసినప్పుడు అది రెండు ఉపరితలాలనూ కాస్త కరిగించి ఒకటిగా అతికిస్తుంది. గొట్టానికి గొట్టం అలా జాయిన్ అవుతుంది. అదే గొట్టానికి వాషింగ్ మెషీన్ పైపును మర బిగించి తగిలిస్తే కనెక్ట్.

ఉక్కు కట్టడాల ఇంజనీర్లు ఇంకో అడుగు ముందుకెళ్లి రెండు మాటలనూ ఒకే చోట వాడతారు. దూలం, స్తంభం కలిసే ప్రాంతమంతా జాయింట్. అక్కడ వాటిని పట్టి ఉంచే బోల్టులు, పలకలు, వెల్డింగ్ ఉన్న భాగం కనెక్షన్. డ్రాయింగ్ మీద వ్యాఖ్య రాసేటప్పుడు ఒకదానికి బదులు ఇంకోటి రాస్తే అవతలివాళ్లు బోల్టుల లెక్క చూడాలా, స్తంభం బలం చూడాలా అని తికమకపడతారు. ఎలక్ట్రానిక్స్‌లోనూ అంతే. 'డ్రై జాయింట్' అంటే టంకం లోహానికి సరిగా పట్టలేదని. మళ్లీ వేడిచేసి టంకం వేయాలి. 'లూజ్ కనెక్షన్' అంటే మర వదులైందనో, పిన్ను సరిగా కూర్చోలేదనో. బిగిస్తే చాలు. మరమ్మతు నివేదికలో ఈ రెండూ మారిపోతే చేసే పనే మారిపోతుంది.

అన్నిటికంటే శుభ్రమైన ఉదాహరణ గణితంలో ఉంది. గ్రాఫ్ సిద్ధాంతంలో రెండు బిందువుల మధ్య నేరుగా గీత ఉంటే అవి ఒక ఎడ్జ్‌తో 'జాయిన్డ్'. నేరుగా గీత లేకపోయినా, ఎన్ని బిందువులు దాటైనా సరే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారి ఉంటే అవి 'కనెక్టెడ్'. జాయిన్‌కు తాకిడి కావాలి, కనెక్ట్‌కు దారి దొరికితే చాలు. రెండు నగరాల మధ్య ఎక్కే విమానం మారాల్సి వస్తే దాన్ని కనెక్టింగ్ ఫ్లైట్ అనడమూ అందుకే.

డేటాబేస్‌తో పనిచేసేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ప్రోగ్రాం డేటాబేస్‌కు కనెక్ట్ అవుతుంది, పని అయ్యాక కనెక్షన్ మూసేస్తుంది, ఎవరి ఉనికి వారిదే. లోపలి రెండు పట్టికలను మాత్రం జాయిన్ చేస్తాం. కస్టమర్ పట్టికలోని వరుస, ఆర్డర్ పట్టికలోని వరుస కలిసి ఫలితంలో ఒకే వరుసగా వస్తాయి. 'ఐ కుడ్ నాట్ జాయిన్ ద డేటాబేస్' అని రాస్తే చదివినవాడు క్వెరీలో, అంటే డేటా అడుగుతూ రాసిన ఆదేశంలో, తప్పు వెతుకుతాడు. అసలు తప్పు పాస్‌వర్డ్‌లోనో, పోర్ట్ నంబర్‌లోనో ఉండవచ్చు.

వై-ఫై దగ్గర కంపెనీలే ఏకాభిప్రాయానికి రాలేదు. ఐఫోన్‌లో మీట మీద 'జాయిన్' ఉంటుంది, విండోస్‌లో 'కనెక్ట్'. రెండింటికీ సమర్థన ఉంది. నెట్‌వర్క్‌ను గుంపుగా చూస్తే మీరు సభ్యులవుతున్నారు, రౌటర్‌ను యంత్రంగా చూస్తే దానికి దారి వేసుకుంటున్నారు. మామూలు రాతలో కనెక్ట్ మేలని నా ఉద్దేశం, తెగిపోయినప్పుడు అందరూ 'డిస్‌కనెక్ట్ అయింది' అనే అంటారు కాబట్టి.

ఇక మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది తెచ్చే చోటు వ్యాకరణం. తెలుగులో ఉద్యోగం'లో' చేరతాం, కంపెనీ'లో' చేరతాం. ఆ 'లో' వదలకుండా వెంటపడి 'ఐ జాయిన్డ్ ఇన్ ద కంపెనీ' అని రాయిస్తుంది. సంస్థ, క్లబ్బు, సైన్యం, మీటింగ్, క్యూ వీటి ముందు జాయిన్‌కు ఏ విభక్తీ అక్కరలేదు. 'ఐ జాయిన్డ్ ద కంపెనీ ఇన్ జూన్' సరైన వాక్యం. ఇందులో 'ఇన్' నెలకు చెందింది, కంపెనీకి కాదు. 'జాయిన్ ఇన్' అని ఉంది, కానీ దాని అర్థం వేరు. జరుగుతున్న పనిలో తానూ చేయి కలపడం, నలుగురు పాడుతుంటే గొంతు కలపడం. మనిషి విషయంలోనూ విభక్తి ఉండదు. 'జాయిన్ మీ ఫర్ కాఫీ' అంటే చాలు. 'జాయిన్ విత్' కొంచెం గంభీరమైన మాట, ప్రకటనల్లో, ఉమ్మడి పోరాటాల్లో కనిపిస్తుంది. వస్తువులను కలిపేటప్పుడు 'జాయిన్ ఏ టు బీ' వస్తుంది.

దీనికంటే ప్రమాదకరమైనది మనం తెలుగులోకి తెచ్చుకుని సాగదీసిన జాయిన్. 'పిల్లాణ్ణి స్కూల్లో జాయిన్ చేశాం', 'ఆసుపత్రిలో జాయిన్ చేశారు' అని రోజూ అంటాం. తెలుగుగా వీటిలో తప్పేమీ లేదు. వీటినే తిరిగి ఇంగ్లీషులో పెడితే అర్థం తలకిందులవుతుంది. 'ఐ జాయిన్డ్ మై సన్ ఇన్ కాలేజ్' అంటే కొడుకుతో పాటు తండ్రి కూడా కాలేజీలో చేరాడని! అక్కడ కావలసింది 'ఎన్‌రోల్డ్', ఆసుపత్రికైతే 'అడ్మిటెడ్'. రోగిని చేర్చుకున్నారు అనడానికి 'హీ వాజ్ అడ్మిటెడ్ టు హాస్పిటల్'. సంస్థలో చేరే విషయంలో ఇంగ్లీషు జాయిన్ చేరేవాడి పనే. ఇంకొకరిని చేర్పించడానికి వేరే క్రియ వెతుక్కోవాలి.

కనెక్ట్ మాత్రం తెలుగులోకి దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది. 'సినిమా జనానికి కనెక్ట్ కాలేదు' అనే మాటను ఇంగ్లీషులో పెట్టినా 'డిడ్ నాట్ కనెక్ట్ విత్ ద ఆడియన్స్' అని చక్కగా ఒదుగుతుంది. చూసుకోవలసిందల్లా వెంట వచ్చే 'టు', 'విత్'. తీగ, సిగ్నల్, యంత్రం, రోడ్డు అయితే ఎక్కువగా 'టు': 'కనెక్ట్ ద ప్రింటర్ టు ద లాప్‌టాప్'. మనసు కలవడం, పరిచయం పెంచుకోవడం అయితే 'విత్'. 'ఐ కనెక్టెడ్ విత్ హర్' అంటే ఆమెతో మాట కలిసింది, లేదా సంప్రదించగలిగాను. 'ఐ వజ్ కనెక్టెడ్ టు హర్' అంటే ఆపరేటర్ ఆమెకు లైన్ కలిపాడు. కేసుల వార్తల్లో వచ్చే 'ఇన్ కనెక్షన్ విత్' విడదీయరాని పదబంధం, అక్కడ 'టు' పెట్టకండి.

బ్రిటన్, అమెరికా వాడుకలో తేడాలు కొద్దిగానే ఉన్నాయి. చుక్కలు కలిపి బొమ్మ గీసే ఆట అమెరికాలో 'కనెక్ట్ ద డాట్స్', బ్రిటన్‌లో 'జాయిన్ ద డాట్స్'. గొలుసుకట్టు రాతను బ్రిటన్‌లో 'జాయిన్డ్-అప్ రైటింగ్' అంటారు. అతుకు కనిపించే గీతకు అక్కడ 'జాయిన్' నామవాచకం కూడా. అమెరికాలో దానికి 'సీమ్' లేదా 'జాయింట్' వాడతారు.

బ్యాంకు పత్రాల్లో చూడండి. జాయింట్ అకౌంట్‌కు ఇద్దరు యజమానులున్నా ఖాతా ఒకటే. లింక్డ్ అకౌంట్లు రెండు ఖాతాలు, మధ్యలో డబ్బు నడిచే దారి. దరఖాస్తులో ఒకటి కోరబోయి ఇంకోటి రాస్తే ఖాతా మీద హక్కు ఎవరికన్నదే మారిపోతుంది.

ఆన్‌లైన్ సమావేశాల్లో రెండు మాటలూ ఒకే వాక్యంలో కావలసి వస్తాయి. 'ఐ యామ్ కనెక్టెడ్, బట్ ఐ కాంట్ జాయిన్ ద మీటింగ్' అని రాస్తే నెట్ బాగానే ఉందని, లోపలికి అనుమతి రాలేదని అర్థం. అవతలివాళ్లు వెయిటింగ్ రూమ్, పాస్‌కోడ్ చూస్తారు. 'ఐ జాయిన్డ్, బట్ మై ఆడియో ఈజ్ నాట్ కనెక్టెడ్' అని రాస్తే అనుమతి జోలికి పోకుండా మైకు, స్పీకరు అమరికలు చూడమంటారు. రెండు సందర్భాల్లోనూ 'నాట్ కనెక్టింగ్' అని మాత్రమే రాసి పంపితే, ముందుగా అడిగేది రౌటర్ ఆపి మళ్లీ వేశారా అనే.