మెదక్ నుంచి అసెంబ్లీకి, ఒక ఉత్తరం పట్టుకుని

అసెంబ్లీకి పోదామని మా చర్చి ఆడవాళ్ల బృందం స్త్రీల మైత్రిలో మొదట అన్నది రిటైర్డ్ టీచరమ్మ. 2025 అక్టోబరులో గ్రూప్-2 ఉద్యోగాలు వచ్చినవాళ్లకు నియామక పత్రాలు ఇస్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక మాట అన్నారు కదా, తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి నేరుగా ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని, ఆ వార్త పేపర్లో చదివిన దగ్గర్నుంచి ఆమెకు అదే ధ్యాస. "తల్లిదండ్రులను సన్మానించమని మన బైబిల్ పది ఆజ్ఞల్లో ఐదోదే కదమ్మా ఇది, వాళ్లు బిల్లు రాసేలోపే పోయి మన మాట చెప్పొద్దా?" అని ప్రతి కూడికలో ఇదే పాట.

సంఘ పెద్దల్లో ఒకాయనకు ఇది అస్సలు నచ్చలేదు. సంఘం ప్రార్థన చెయ్యాలి గానీ ఎమ్మెల్యేల ఇళ్ల చుట్టూ తిరగడమేంటి, రేపు ఏదో ఒక పార్టీ ముద్ర పడితే ఎవరు కడుగుతారు అన్నాడు. ఆయన భయం తీసిపారేయదగ్గదేం కాదు, మన దగ్గర అలా ముద్రలు పడ్డ సంఘాలు లేకపోలేదు. చివరికి పాస్టరుగారు మధ్యేమార్గం చెప్పారు. సంఘం లెటర్‌హెడ్ వాడొద్దు, ఎవరితోనూ కండువాల ఫొటోలు దిగొద్దు, ఓటర్లుగా సంతకాలు పెట్టి వెళ్లండి అని. ఉత్తరంలో బైబిల్ వాక్యం ఒక్కటీ రాయొద్దని పట్టుబట్టింది మాత్రం టీచరమ్మే. "వాక్యం మనల్ని బస్సెక్కించడానికి, ఎమ్మెల్యేకి కావాల్సింది ఏ సెక్షన్‌లో ఏం మార్చాలో" అంది. నాకు ఆ మాట బాగా నచ్చింది.

క్రిస్మస్ హడావిడి తగ్గాక, శీతాకాల సమావేశాలు నడుస్తున్న రోజుల్లో, తెల్లారకముందే మెదక్ బస్టాండుకు చేరాం. చలి ఎముకలు కొరుకుతోంది. మంచులో చర్చి గోపురం కూడా సరిగ్గా కనబడలేదు. మాతో పాటు మా వీధిలో ఉండే ఒక ముస్లిం ఆంటీ, రామాలయం భజన మండలి పెద్దాయన కూడా బయల్దేరారు. ఆంటీ తమ్ముడు వాళ్ల అమ్మను చూడడు, పెద్దాయనకు తన కొడుకుతోనే పేచీ, కాబట్టి వాళ్లను రమ్మని ఎవరూ బతిమాలలేదు. ఆడవాళ్లందరం ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాం, పెద్దాయన ఒక్కడే డబ్బులిచ్చి టికెట్ కొని నర్సాపూర్ దాకా దాని గురించే గొణిగాడు. నర్సాపూర్ అడవి దగ్గర బస్సు నెమ్మదించగానే కోతులు కిటికీల వైపు వచ్చాయి, పులిహోర డబ్బాలు కాళ్ల కిందికి పోయాయి.

బాలానగర్‌లో దిగి మెట్రో ఎక్కితే ట్రాఫిక్ లేకుండా సీదా అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు, మా వైపు నుంచి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి. మెట్రోలో ఫ్రీ లేదని తెలిసి సగం మంది మొహాలు మాడాయి. మా గుంపులో అందరికంటే పెద్దామె, మేమంతా పెద్దవ్వ అంటాం, ఎస్కలేటర్ ఎక్కనంటే ఎక్కనంది, లిఫ్టులో తీసుకెళ్లాం. ఆమెకిచ్చిన టోకెన్‌ను పోకుండా కొంగు చివర ముడేసుకుంది. అసెంబ్లీ స్టేషన్‌లో బయటికొచ్చే గేటు దగ్గర ఆ ముడి ఊడదు, వెనకాల ఆఫీసుకెళ్లే పిల్లలంతా లైను కట్టారు, ఈమె పళ్లతో ముడి లాగుతోంది. ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి విప్పిపెట్టింది. టోకెన్‌తో పాటు మడతపెట్టిన వంద నోటు, ఒక బీపీ మాత్ర బయటపడ్డాయి.

మేం కలవాల్సిన ఎమ్మెల్యే మా జిల్లా ఆయన కాదు, మా వాళ్లలో ఒకామె అల్లుడి పరిచయంతో దొరికాడు. సభ మొదలు కాకముందే హైదర్‌గూడ క్వార్టర్స్‌కి రమ్మన్నారు. ఆటోల్లో వెళ్తే అక్కడ అప్పటికే బదిలీలు, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కులు, ఆస్పత్రి ఖర్చు సర్కారు భరిస్తుందనే ఎల్‌ఓసీ పత్రాల కోసం వచ్చినవాళ్లు వరండా నిండా ఉన్నారు. సొంత పని లేకుండా చట్టం గురించి మాట్లాడ్డానికి వచ్చామంటే పీఏ రెండుసార్లు అడిగాడు, "ఇంతకీ పనేంటమ్మా?" అని.

లోపల పది నిమిషాలు దొరికాయేమో. ఎమ్మెల్యే చెప్పులేసుకుంటూనే ఉత్తరం చదివాడు, చదివి అసలు ప్రశ్నే అడిగాడు. "తల్లిదండ్రుల పోషణకు 2007 నుంచే సెంట్రల్ యాక్ట్ ఉంది కదమ్మా. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంది, నెలకు పదివేల దాకా ఇప్పించొచ్చు, 90 రోజుల్లో తేల్చాలని కూడా ఉంది. ఇంకోటెందుకు?" మా టీచరమ్మ తడబడలేదు. "ఉంది సార్. కానీ ఆర్డర్ వచ్చాక కొడుకు రెండు నెలలిచ్చి మానేస్తాడు, మళ్లీ ముసలాళ్లు ఆఫీసు చుట్టూ తిరగాలి. జీతంలోనే కోస్తే ఆ తిరుగుడు ఉండదు. అస్సాంలో 2017లోనే చేశారు, ఉద్యోగి జీతంలో తల్లిదండ్రులకు 10 శాతం, ఆధారం లేని దివ్యాంగులైన తోబుట్టువులుంటే ఇంకో 5." ఎమ్మెల్యే అప్పుడు కూర్చున్నాడు. అస్సాం సంగతి ఆయనకు కొత్త అనుకుంటా, పీఏను రాసుకోమన్నాడు.

అంతవరకూ మూలన కూర్చున్న పెద్దవ్వ అప్పుడు నోరు తెరిచింది. ఆమె కొడుకు సర్కారు నౌకరే, పేరు మాత్రం ఎక్కడా రాయొద్దని మా అందరితో ముందే ఒట్టు పెట్టించుకుంది. "సారూ, పైసలు బ్యాంకుల పడ్తయ్, మంచిదే. నేను ఉండేది ఆ ఇంట్లనే గదా. కాయితం మీద నా ఏలిముద్ర చూసినంక నాకు బువ్వ ఎవరు పెడ్తరు?"

మేం రాసుకొచ్చిన రెండు పేజీల్లో అసలు విషయం ఇదే. ఫిర్యాదు తల్లి చేతనే చేయించే చట్టం మా ఇళ్లల్లో పనిచేయదు. ఏ తల్లీ కొడుకు పరువు ఆఫీసులో పెట్టదు, పెట్టినా సాయంత్రానికి వెనక్కి తీసుకుంటుంది. 2007 చట్టం ఐదో సెక్షన్‌లో వెసులుబాటు ఉంది, ముసలివాళ్లు చేయలేకపోతే వాళ్ల తరఫున వాళ్లు చెప్పిన మనిషి గానీ సంస్థ గానీ దరఖాస్తు పెట్టొచ్చు, ట్రిబ్యునల్ తనంతట తాను కూడా తీసుకోవచ్చు. మన రాష్ట్రం బిల్లులో కూడా అలాంటిది ఉండాలని, విచారణలో తల్లిని, కొడుకును ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా విడిగా వినాలని, మండలానికే వచ్చి వినాలని అడిగాం. ఇంకోటి కూడా రాశాం, ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్న కొడుకులకూ ఇది వర్తించాలని. గవర్నమెంటు ఉద్యోగం ఉన్న ఇళ్లు మా ఊళ్లో ఎన్ని గనక? ఆంటీ తమ్ముడు కంపెనీలో పనిచేస్తాడు, భజన పెద్దాయన కొడుకుది రియల్ ఎస్టేటు. ఎమ్మెల్యే చివరిదాని దగ్గర తల అడ్డంగా ఊపాడు గానీ ఎందుకో చెప్పే టైం లేదు, బెల్లు కొట్టిన బడికి పిల్లాడిలా పరుగెత్తాడు.

పాసులు మాలో కొందరికే దొరికాయి. ఫోన్లు బయటే పెట్టేసి గ్యాలరీలోకి పోవాలి. మేం కూర్చున్న కాసేపట్లో కుటుంబాల ఊసే రాలేదు, నీళ్ల గురించి అరుపులు నడిచాయి, ఆంటీకి కునుకు పట్టింది. సభలో మాట్లాడేది చూసి చట్టం ఎలా తయారవుతుందో తెలుసుకుందామంటే కుదరదు, అది వేరే గదుల్లో తయారవుతుంది అని నాకప్పుడే అనిపించింది.

బిల్డింగ్ మాత్రం ఎంత చూసినా తనివి తీరదు. ఆరో నిజాం కాలంలో 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తి చేసిన టౌన్ హాల్ అది, ఆ తెల్ల గుమ్మటాలు ఎండలో మెరుస్తుంటే రోడ్డు అవతల గన్‌పార్కులో 1969 అమరుల స్తూపం. పక్కనే పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద చాపలేసుకుని పులిహోర తిన్నాం. టీచరమ్మ చుట్టం ఒకాయన, సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరైనాయన, అక్కడికే వచ్చాడు. ప్రైవేటు జీతాల సంగతి ఆయనే విప్పి చెప్పాడు. సొంత ఉద్యోగుల సర్వీసు విషయాలు రాజ్యాంగంలో రాష్ట్రాలకు వదిలిన రాష్ట్ర జాబితాలో ఉంటాయి కాబట్టి అక్కడ రాష్ట్రం చేతికి అడ్డులేదు. ప్రైవేటు కంపెనీ జీతంలో కోతలకు మాత్రం కేంద్ర చట్టాలున్నాయి, కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని విషయం మీద కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం బిల్లు చేస్తే రాష్ట్రపతి ఆమోదం దాకా పోవాలి, ఆ ఫైలు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. "దానికోసం పట్టుబడితే ఉన్నదీ ఆగుతుందమ్మా" అన్నాడు. భజన పెద్దాయనకు కోపమొచ్చింది. "అంటే మా కొడుకులకు చట్టం లేదన్నట్టా?" ఇల్లు కొడుకు పేర రాసిచ్చింది ఆయనే. చూసుకోవాలన్న షరతుతో రాసిస్తే, చూడనప్పుడు ఆ పత్రం రద్దు చేయమని అదే 2007 చట్టం 23వ సెక్షన్ కింద అడగొచ్చని చుట్టం చెప్తే, పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి పులిహోర కట్టిన పేపరు అంచు మీదే ఆ నంబరు రాసుకున్నాడు. ఆ పత్రంలో షరతు రాసి ఉందో లేదో ఇంటికి పోయి చూస్తానన్నాడు.

తిరుగు బస్సులో అలసిపోయి పడుకుంటారనుకుంటే, వాదన లేచింది. మాలో ఒకామె, ఇదంతా బయటి చట్టం సంగతి, మన సంఘంలో అమ్మానాన్నలను వదిలేసినవాళ్లు సంపాదనలో పదో వంతు దశమభాగమని ఇస్తుంటే ప్లేటు పట్టి తీసుకుంటున్నాం కదా, ముందు అది చూద్దాం అంది. కొర్బాను, అంటే ఇది దేవుడికిచ్చేశాం అని చెప్పి తల్లిదండ్రులకు ఎగ్గొట్టినవాళ్లను యేసుప్రభువు ఎంత మాటన్నాడో గుర్తుచేసింది. ఎవరూ జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ ఇళ్లు ఏవేవో మా అందరికీ తెలుసు. ముస్లిం ఆంటీ మాత్రం "మా మసీదు కమిటీలో కూడా అంతే బేటా" అని నవ్వింది. పాస్టరుగారికి ఈ మాట ఎవరు చెప్తారన్న దగ్గర చర్చ ఆగింది, ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది.

మేం వెళ్లినప్పటికి బిల్లు సభకు రాలేదు. ఆ తర్వాత ఆ పీఏ ఫోన్ చేసి, అస్సాం చట్టం కాపీ పంపమని, మీ ఉత్తరం రెండు పేజీలుంది, ఒక పేజీకి కుదించి తెలుగులో టైపు చేసి పంపమని అడిగాడు. ఏది తీసేయాలన్న దాని మీద టీచరమ్మకు, భజన పెద్దాయనకు రోజూ ఫోన్లో యుద్ధం. పెద్దాయన ప్రైవేటు ఉద్యోగుల పేరా తీయనివ్వడు, నేనైతే అదే తీసేయమంటున్నాను. తల్లి వేలిముద్ర లేకుండా దరఖాస్తు తీసుకునే పేరా మాత్రం పైన మొదట్లోనే ఉండాలి.