చంటిపాప వచ్చిన ఇంట్లో రెండున్నరేళ్ల పిల్లవాడు

రెండో బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచే రెండున్నరేళ్ల పిల్లవాడిని అందరూ "పెద్దవాడు" అనడం మొదలుపెడతారు. నిన్నటిదాకా అమ్మ ఒళ్లో కూర్చుని గోరుముద్దలు తిని, అమ్మ కొంగు పట్టుకుని నిద్రపోయిన పసివాడు చెల్లెలు పుట్టినంత మాత్రాన ఒక్క రాత్రిలో ఎదిగిపోడు. రెండో కాన్పు తరువాత తొలి నెలల్లో ఇంటిల్లిపాదీ మరింతగా కనిపెట్టి ఉండవలసింది వాడినే అని నేను గట్టిగా నమ్ముతాను. పాపకు కావలసిన వాటిలో పాలు తప్ప మిగిలినవన్నీ అమ్మమ్మ దగ్గరా నాన్న దగ్గరా దొరుకుతాయి. వాడికి కావలసింది మాత్రం అమ్మే.

తొలి వారాల్లో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టవలసి ఉంటుంది. అంటే బాలింతరాలు పగలూ రాత్రీ చాలాసేపు కదలకుండా కూర్చోక తప్పదు. సరిగ్గా అప్పుడే పెద్దవాడికి దాహం వేస్తుంది, బాత్‌రూమ్‌కు వెళ్లాలనిపిస్తుంది, లేదా పాపను పక్కన పడుకోబెట్టి తనను ఎత్తుకోమని ఏడుపు వస్తుంది. అందుకే నేను పాలిచ్చే పరుపు పక్కన ఒక వెదురు బుట్ట పెట్టుకున్నాను. అందులో వాడి మంచినీళ్ల సీసా, మరమరాల డబ్బా, మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు, నా పాత చీర ముక్క ఒకటి ఉంటాయి. ఆ బుట్ట పాలిచ్చే వేళల్లో తప్ప అలమారలోంచి బయటికి రాదు కాబట్టి వాడికి దాని మీద మోజు తీరలేదు. పాపను ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేయి వాడి వీపు మీద వేసి, వాడికి తెలిసిన ఏనుగు కథనే మళ్లీ చెబుతూ ఉంటే చాలాసార్లు ముగ్గురమూ ప్రశాంతంగా గడపగలుగుతున్నాము.

అయితే ఆ మరమరాల డబ్బా దగ్గర నేను రెప్ప వేయను. వాడికి చెల్లెలంటే ప్రాణం, తనకు నచ్చినది ఆమెకూ పెట్టాలనుకుంటాడు. ఒకరోజు రెండు వేళ్ల మధ్య ఒకే ఒక్క మరమరం పట్టుకుని, "పాపా, ఆం" అంటూ దాన్ని ఆమె పెదవుల దాకా తెచ్చాడు. అడ్డుగా నా చేయి పెట్టి, "పాపకు ఇంకా పళ్లు రాలేదు నాన్నా, ఆ ముద్ద నాకు పెట్టు" అన్నాను. సంతోషంగా నాకు పెట్టాడు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదన్న సంగతి పెద్దవాళ్లకు వివరించవచ్చు గానీ, వాడికి చెప్పలేము. కనుక ఇద్దరినీ ఒక గదిలో క్షణమైనా ఒంటరిగా వదలకూడదన్నది మా ఇంట్లో కచ్చితమైన నియమం. నడినెత్తిన మెత్తగా ఉండే మాడు మీద చేయి వేయబోతే కసరడం కంటే, ఆ చేతిని మెల్లగా పట్టుకుని పాప పాదాల మీద పెట్టి, ఇక్కడ నిమరమని చూపించడం మేలు. కసిరితే వాడు పాపకు దూరమవుతాడు.

సిజేరియన్ అయిన తల్లులకు మరో కష్టం ఉంటుంది. సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తవద్దని డాక్టర్లు చెబుతారు; ఆ వయసు పిల్లవాడేమో దాదాపు 12 కిలోలు ఉంటాడు. "నిన్ను ఎత్తుకోలేను" అన్న మాట వాడి చెవికి "నువ్వు వద్దు" అన్నట్టే వినిపిస్తుంది. తల్లి కింద కూర్చుని, "నువ్వే వచ్చి నా పక్కన కూర్చో కన్నా" అని చేతులు చాపితే కుట్లకూ ఇబ్బంది ఉండదు, వాడికీ లోటు ఉండదు.

మానేసిన పాలసీసా మళ్లీ కావాలనడం, పక్క తడపడం, ఉయ్యాలలో తానూ పడుకుంటాననడం ఈ వయసులో సహజమే. సీసాలో పాలు అడిగిన రోజు నేను ఇచ్చేశాను. రెండు గుక్కలు తాగి, పక్కన పెట్టి ఆటకు వెళ్లిపోయాడు.

నన్ను నిజంగా బాధపెట్టేది చూడవచ్చిన చుట్టాల పరాచికాలు. "ఇంక మీ అమ్మ నీది కాదురా, చెల్లిదే", "మీ చెల్లిని మా ఊరు తీసుకుపోతాం, ఇచ్చేస్తావా?" అని నవ్వుతూ అంటారు. వాళ్ల మనసులో చెడు ఏమీ లేదు. కానీ ఆ మాటను వాడు అక్షరాలా నమ్ముతాడు, రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడు. అటువంటప్పుడు నేను మొహమాటపడకుండా, "అలా అనకండి పిన్నీ, వాడు భయపడతాడు" అని అక్కడికక్కడే చెబుతున్నాను. పాప కోసం గౌను తెచ్చేవారు వాడి కోసం ఒక అరటిపండు తెచ్చినా, వాడితో రెండు నిమిషాలు కూర్చున్నా ఎంతో మేలు.

జలుబు చేసిన రోజున వాడిని పాప ముఖానికి దగ్గరగా రానివ్వము, బయటి నుంచి రాగానే అందరమూ సబ్బుతో చేతులు కడుక్కుంటాము. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకూ ఉద్యోగం చేసే తల్లికి 26 వారాల సెలవు దొరుకుతున్నది. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగమైతే 15 రోజులు ఇస్తారు. ప్రైవేటు ఉద్యోగులకు ఆ హక్కునిచ్చే చట్టమే లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే రెండో కాన్పులో తండ్రి ఇంట్లో ఉండటం మొదటిసారి కంటే ఎక్కువ అవసరం. మావారు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే స్నానం చేసి పాపను భుజాన వేసుకుంటారు. పాప కడుపు నిండా తాగి ఉంటుంది కనుక, ఏడ్చినా నన్ను పిలవకుండా ఆయనే ఊరుకోబెడతారు. ఆ గంటసేపు నేను పెద్దవాడిని తీసుకుని కిందికి వెళతాను. ఏం చేయాలన్నది వాడి ఇష్టం. ఎక్కువగా వాచ్‌మన్ గారి కోడిపిల్లలకు నూకలు వేయాలంటాడు.