మూడున్నర గంటల్లో బీజాపూర్

సోలాపూర్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. అక్కడ మన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కదా, పందిట్లో మరాఠీ కంటే తెలుగే ఎక్కువ వినపడింది. మర్నాడు సాయంత్రం రైలు. పొద్దున్నే మా బాబాయి "బీజాపూర్ వంద కిలోమీటర్లేరా, పోయొద్దాం పద" అని కారు మాట్లాడేశాడు. టిఫిన్లూ వీడ్కోళ్లూ అయ్యి బయల్దేరేసరికి తొమ్మిది, చేరేసరికి పదకొండు. రెండున్నరకల్లా తిరుగు ప్రయాణం. 2014 నుంచి ఊరి పేరు విజయపుర, బోర్డుల మీదా అదే, బాబాయి నోట మాత్రం బీజాపూరే.

నేరుగా గోల్ గుంబజ్‌కి పోయాం. 1656లో చనిపోయిన బీజాపూర్ సుల్తాన్ మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. హాలు ఒక్కో పక్క దాదాపు 41 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, ఒకదాన్నొకటి కోసుకుంటూ పైకి లేచిన కమానులే అంత గుమ్మటాన్నీ మోస్తున్నాయి. మూలనున్న బురుజులోంచి ఏడంతస్తులు ఎక్కాలి. మెట్లు ఎత్తు, దారి ఇరుకు, దిగేవాళ్లు వస్తే గోడకి అతుక్కుపోవడమే. పైన గుమ్మటం చుట్టూ వసారా, ఇటు గోడ దగ్గర గుసగుసగా అంటే అటు చివర వినపడుతుందని పేరు. కానీ గుసగుసలాడేదెవరు? స్కూలు పిల్లలు రెండు బస్సుల నిండా వచ్చి ఈలలూ కేకలూ, ఒక్కో అరుపూ ఏడెనిమిది సార్లు తిరిగొచ్చి నెత్తిన పడుతోంది. చెవులు మూసుకుని అరగంట నిలబడ్డా. టీచరు ఎవరో గదమాయిస్తే ఒక్క క్షణం అంతా ఊరుకున్నారు, అప్పుడు నా పక్క గోడలోంచే అన్నట్టు, అవతల ఎక్కడో ఉన్న బాబాయి గొంతు: "ఒంటిగంటవుతోంది, వీడేడీ?"

ఇక అక్కణ్నుంచి పరుగే. బారా కమాన్, అదే సగంలో ఆగిపోయిన ఇంకో సుల్తాన్ సమాధి, కారు అద్దంలోంచి చూశాం. మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి దగ్గర రెండు ఫొటోలు. 1549లో పోతపోసిన 55 టన్నుల లోహం, మూతి దగ్గర సింహం నోట్లో ఏనుగు నలుగుతూ ఉంటుంది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీల పొడి ఆదరాబాదరాగా తినేశాం.

సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్ షా సమాధి ఇబ్రహీం రౌజాకి మిగిలింది ఇరవై నిమిషాలు. లెక్క తప్పింది ఇక్కడే. నన్నడిగితే గోల్ గుంబజ్ కంటే ఇదే అందం. ఒకే అరుగు మీద సమాధీ మసీదూ ఎదురుబొదురుగా, మధ్యలో నీళ్ల తొట్టి, జనం లేరు. కిటికీలకి రాతినే అక్షరాలుగా తొలిచారు, అక్షరాల సందుల్లోంచి వెలుగు లోపలికి వస్తోంది. ఒక కిటికీ దగ్గర నిలబడి ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో వేలితో గాల్లోనే వెతుక్కుంటున్నా, రెండో కిటికీకి ఇంకా పోనేలేదు, బయట డ్రైవరు హారన్ మొదలుపెట్టాడు.