న్యూరెంబర్గ్‌లో 600 నంబరు కోర్టు హాలు

మ్యూనిక్‌లో రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా న్యూరెంబర్గ్‌లో దిగుతాం. ఈ ఊరికి కోట చూడటానికి వచ్చేవాళ్లున్నారు, క్రిస్మస్ సంతకు వచ్చేవాళ్లున్నారు. నేను వచ్చింది ఒక కోర్టు హాలు కోసం. 1961లో స్టాన్లీ క్రేమర్ తీసిన ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ లా కాలేజీ రోజుల్లో చూశాను. హిట్లర్ కాలంలో తీర్పులు చెప్పిన జడ్జీలనే ముద్దాయిలుగా బోనెక్కించిన కథ అది. ప్రాక్టీసు మొదలుపెట్టాక కూడా ఆ సినిమా నన్ను వదల్లేదు. మా అమ్మాయికి మ్యూనిక్‌లో ఉద్యోగం రావడంతో ఇన్నాళ్లకు ఈ ప్రయాణం కుదిరింది.

మెట్రోలో బేరెన్‌షాన్జె స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే న్యాయ భవనం. ఇప్పటికీ అది పనిచేస్తున్న కోర్టే. 600 నంబరు హాల్లో కూడా 2020 దాకా కేసులు నడిచాయి. టికెట్ తీసుకుని మెట్లెక్కి లోపలికి వెళ్లాం. ముదురు రంగు చెక్క గోడలు, బరువైన పాలరాతి ద్వారబంధాలు, వాటిలో ఒకదాని మీద ఆదాము అవ్వల శిల్పం. నేను ఊహించుకున్నదాని కంటే హాలు చిన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక హిట్లర్ అనుచరులైన నాజీ పెద్దలను విచారించింది ఈ హాల్లోనే. ఆ విచారణ కోసం వెనక గోడ కొట్టేసి పెంచారట, తర్వాత మళ్లీ గోడ కట్టేశారు.

బోను ఉన్న చోట, వెనక చెక్క గోడలో ఒక తలుపు ఉంది. దాని వెనక లిఫ్టు. పక్కనే ఉన్న జైలు నుంచి కప్పున్న దారిలో నడిపించుకొచ్చి, లిఫ్టులో పైకి తెచ్చి, నేరుగా బోనులోకి వదిలేవారు. 1945 నవంబర్ 20న గోరింగ్, హెస్, రిబెన్‌ట్రాప్ అందరూ ఆ తలుపులోంచే వచ్చారు. 1946 అక్టోబర్ 1న శిక్షలు వినడానికి ఒక్కొక్కరే వచ్చిందీ అందులోంచే. పన్నెండు మందికి ఉరి, ఏడుగురికి జైలు, ముగ్గురు నిర్దోషులు. ఈ లెక్క ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది.

నన్ను నిలబెట్టేసింది ఆ రోజుల్లో వాళ్లు ఈ హాలును సర్దిన తీరు. మన కోర్టుల్లో జడ్జిగారి బెంచి ఎదురుగోడకు ఉంటుంది, మిగతావన్నీ దాన్నిబట్టే. ఇక్కడ బెంచిని పక్కకు, కిటికీల వైపుకు జరిపారు. ఎదురుగోడకు తెర కట్టారు. సినిమా తెర! అమెరికా, బ్రిటన్ సైన్యాలు నాజీ శిబిరాల్లోకి అడుగుపెట్టినప్పుడు తీసిన ఫిల్మును 1945 నవంబర్ 29న సాక్ష్యంగా ఆ తెర మీద వేశారు. హాలు చీకటి చేసినా ముద్దాయిల ముఖాలు కనబడేలా బోను అంచుకు దీపాలు బిగించారు. శవాల గుట్టలు తెర మీద కదులుతుంటే కొందరు చూడలేక ముఖం తిప్పుకున్నారట. డాక్యుమెంటు మీద ఎగ్జిబిట్ నంబరు వేయించడమే ఎరిగిన నాకు, ఆ తెర ఉన్న గోడ ముందు నుంచి కదలాలనిపించలేదు. క్రేమర్ సినిమాలోనూ ఈ శిబిరాల అసలు ఫిల్మునే కోర్టు సీనులో చూపించారు. ఆ సీను ఇప్పుడు నాకు ఇంకోలా గుర్తొస్తోంది.

పై అంతస్తు మ్యూజియంలో ఆనాటి బోను బల్లలున్నాయి. నేను వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం ఆ సినిమాకు మూలమైన 1947 నాటి జడ్జీల కేసు దగ్గరికి. పదహారు మంది ముద్దాయిలు, అందరూ న్యాయశాఖ పెద్దలూ ప్రాసిక్యూటర్లూ జడ్జీలే. వాళ్లలో ఓస్వాల్డ్ రోతౌగ్ ఒకడు, ఈ ఊరి ప్రత్యేక కోర్టుకు అధ్యక్షుడు. సినిమాలో పేరు మార్చి చూపించిన కేసు అసలు ఇతని చేతి మీదుగా నడిచిందే.

లియో కాత్సెన్‌బెర్గర్ ఈ ఊరి యూదు చెప్పుల వ్యాపారి. ఆయన ఇంట్లో అద్దెకున్న ఇరేన్ అనే ఫోటోగ్రాఫర్‌తో సంబంధం ఉందని కేసు పెట్టారు. తండ్రీ కూతుళ్లలాంటి అనుబంధమని ఇద్దరూ మొత్తుకున్నారు. రోతౌగ్ చేసిన మొదటి పని, ఆ అమ్మాయి మీద అబద్ధపు ప్రమాణం కేసు పెట్టించి రెండూ కలిపేయడం. ముద్దాయిగా కూర్చోబెడితే ఇక ఆవిడ సాక్షిగా రాలేదు కదా! రెండో పని ఇంకా ఘోరం. యూదులకూ, యూదులు కాని జర్మన్లకూ మధ్య సంబంధాన్ని నేరం చేసిన 1935 జాతి చట్టంలో ఆ నేరానికి మరణశిక్ష లేదు. అందుకని యుద్ధకాలపు చట్టం ఒకటి బయటికి తీశాడు. విమాన దాడుల భయంతో రాత్రిళ్లు దీపాలార్పేసిన చీకటిని వాడుకుని నేరం చేశాడన్నాడు. 1942 మార్చిలో తీర్పు, జూన్‌లో గిలెటిన్. ప్రతి కాగితమూ సక్రమంగానే ఉంది. సెక్షన్లన్నీ ఉన్నాయి. ఒక వకీలుగా నాకు గోరింగ్ కంటే ఇతనే ఎక్కువ భయం పుట్టించాడు. హంతకుడి బాకు న్యాయమూర్తి అంగీ మాటున దాగి ఉందని 1947 డిసెంబర్ తీర్పులో రాశారు. ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

సినిమా మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే పుట్టింది. అందులో బర్ట్ లంకాస్టర్ వేసిన పెద్ద జడ్జి కోర్టులోనే లేచి తప్పు ఒప్పుకుంటాడు. అసలు కేసులో ఒక్కడూ నేరం ఒప్పుకోలేదు. చూసేవాళ్లకు ఊరట కోసం పెట్టుంటారు, నటన కూడా గొప్పది, కాదనను. కానీ ఆ ఊరట చరిత్ర ఇవ్వలేదు. చివర్లో మాత్రం సినిమా దాచకుండా చెప్పింది. అమెరికా ఆధ్వర్యంలో జరిగిన విచారణల్లో 99 మందికి జైలు శిక్షలు పడితే, ఆనాటికి ఒక్కడూ లోపల లేడని.

“రోతౌగ్‌కి ఏమైంది నాన్నా?” అంది అమ్మాయి తిరుగు రైల్లో.

“యావజ్జీవం వేశారు. 1956లో వదిలేశారు.”

“అంటే తొమ్మిదేళ్లు! దానికోసమా ఇంత కోర్టు, ఇంత హంగామా?”

శిక్షల సంగతి తనన్నదే నిజం, అక్కడ నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ కేసే నడవకపోతే కాత్సెన్‌బెర్గర్ ఫైలు ఏ బీరువాలోనో ‘న్యాయబద్ధమైన తీర్పు’గా ఉండిపోయేదమ్మా అన్నాను. 1942లో నోరు నొక్కేసిన ఇరేన్‌ను 1947లో అదే భవనంలో ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలిచి చెప్పించారు, ఈసారి బోనులో కూర్చుని విన్నది రోతౌగ్. “సరే, ఆ సాక్ష్యానికి నేనూ ఒప్పుకుంటాను, తొమ్మిదేళ్లకు మాత్రం ఒప్పుకోను” అంది. మ్యూనిక్ దాకా వాదించుకుంటూనే ఉన్నాం.