ఆ సాయంత్రం ఆవిడ ఎక్కడున్నారు?

మా పై అంతస్తులో ఉండే మామ్మగారి గురించి రాయొచ్చా అని ముందే అడిగాను. రాయమన్నారు. పేరు మాత్రం వద్దన్నారు, చదివినవాళ్ళు జాలిపడేలా రాయొద్దన్నారు. ఆవిడది లైప్‌జిగ్. పుట్టింది, చదువుకుంది, లైబ్రరీలో పనిచేసి రిటైరైంది, అంతా ఇక్కడే. తూర్పు జర్మనీ అనే దేశంలో సగం జీవితం గడిపి, ఆ దేశం పశ్చిమ జర్మనీలో కలిసిపోవడంతో ఇల్లు మారకుండానే ఇంకో దేశపు పౌరురాలయ్యారు.

కొన్నేళ్ళుగా ఆవిడకి చూపు మధ్యలో మసక కమ్మేసింది. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ అక్షరాలు ఆనవు. అందుకని ఆవిడకొచ్చే ఉత్తరాలూ, బ్యాంకు కాగితాలూ నేను చదివిపెడుతుంటాను. కిందటి చలికాలంలో ఫెడరల్ ఆర్కైవ్ నుంచి మందపాటి కవరు ఒకటి వచ్చింది. స్టాసీ ఆవిడ మీద రాసుకున్న ఫైల్లో కొత్తగా దొరికిన పేజీల నకళ్ళు.

స్టాసీ అంటే తూర్పు జర్మనీ రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖ. 1950లో మొదలైంది. 1989 నాటికి కోటీ అరవై లక్షల జనాభా మీద 91,000 మంది జీతం తీసుకునే ఉద్యోగులు, వాళ్ళు కాక లక్షా డెబ్బై వేలకు పైగా రహస్య ఇన్‌ఫార్మర్లు. ఇరుగుపొరుగు, తోటి ఉద్యోగి, డాక్టరు, చర్చి పాస్టరు, ఒక్కోసారి కట్టుకున్నవాళ్ళే. వేరా వోలెన్‌బెర్గర్ అనే ఉద్యమకారిణి స్టాసీ కాగితాలు బయటపడ్డాకే తెలుసుకున్నారు, తన గురించి "డొనాల్డ్" అనే మారుపేరుతో కబుర్లు చేరవేసింది సొంత భర్త అని. ఆ కాగితాలన్నీ వరసగా నిలబెడితే 111 కిలోమీటర్లు.

దేశం కూలిపోయాక వాటిని తగలబెట్టేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. తెరిస్తే పగలు రగులుతాయని వాళ్ళ భయం. కానీ 1991 నవంబర్‌లో, ఏకమైన జర్మనీ పార్లమెంటు చట్టం చేసింది: ఎవరి మీద నిఘా పెట్టారో వాళ్ళకి తమ ఫైలు చూసుకునే హక్కు ఉంటుంది. 1992 జనవరి 2న తలుపులు తెరిచారు. మామ్మగారు ఆ నెలలోనే దరఖాస్తు పెట్టారు. మొదటి కట్ట 1994లో చూశారు. లైప్‌జిగ్‌లో స్టాసీ కార్యాలయం ఉన్న భవనాన్ని జనం "గుండ్రటి మూల" అంటారు. అక్కడి ఫైళ్ళను ఆ భవనంలోనే చూపించేవారు. ఏ మెట్ల పక్కగా తల దించుకుని నడిచారో ఆ మెట్లే ఎక్కి లోపలికి వెళ్ళి కూర్చుని చదివారన్నమాట.

కొత్త కవరు విప్పబోతుంటే ఆవిడ ఆపారు. ముందు పాత కట్ట మొత్తం చదవమన్నారు. దాన్ని చదవడానికి చాలా సాయంత్రాలు పట్టింది. మీద స్టాంపు, పేజీ నంబర్లు, మధ్యమధ్య నల్లటి పట్టీలు. సంబంధం లేని మూడో మనిషి పేరు కనబడితే ఆర్కైవ్ వాళ్ళు నల్లగా కప్పేస్తారు. ఇన్‌ఫార్మర్ల అసలు పేర్లు మాత్రం, రుజువు దొరికితే, అడిగిన బాధితులకు చెప్తారు.

ఆవిడ తమ్ముడు 1984లో దేశం విడిచి వెళ్తానని దరఖాస్తు పెట్టాడు. అక్క కూడా వెళ్తుందా, ఎవరితో మాట్లాడుతోంది అని ఆ రోజు నుంచి ఈవిడ మీద కన్ను వేశారు. చదువుతుంటే నాకు వింతగా అనిపించింది, పనికిరాని విషయాల్లో అంత కచ్చితత్వం ఏమిటా అని. 7.42కి ఇంట్లోంచి బయటికి వచ్చింది. గోధుమరంగు కోటు. ట్రామ్ ఎక్కలేదు, నడిచింది. అసలు సంగతుల దగ్గరికి వచ్చేసరికి అంతా తప్పే. వారం వారం చర్చికి వెళ్తోంది, మతవర్గాలతో సంబంధాలు పెంచుకుంటోంది అని రాశారు. ఆవిడకి దేవుడి మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. చర్చి గదిలో బృందగానం సాధన ఉండేది, అందుకు వెళ్ళేవారు. పాట కోసం వెళ్ళే మనిషి ఉంటుందని రాసిన ఆఫీసరుకి తట్టలేదు.

అక్కడికి నవ్వుకోవచ్చు. ఆ కట్టలోనే తమ్ముడి ఉత్తరం కూడా ఉంది.

1986లో అతన్ని పశ్చిమానికి పోనిచ్చారు. ఆ మరుసటి ఏడు తల్లి చనిపోయింది. ఈవిడ కబురు పంపారు. అటునుంచి ఒక్క ముక్క రాలేదు. "అమ్మ పోయినా వాడికి పట్టలేదు" అని ఆవిడ మనసులో ముద్రపడిపోయింది. సరిహద్దు తెరుచుకుని అతను గుమ్మంలోకి వచ్చి నిలబడినా సరిగా మాట్లాడలేదు. 1994లో ఫైలు తెరిస్తే అందులో అతని ఉత్తరం ఫోటో నకలు, నాలుగు పేజీలు. తల్లి వంటింట్లో పాడుకునే పాట దగ్గర మొదలుపెట్టి, రాలేకపోతున్నందుకు ఏడుస్తూ రాశాడు. అసలు ఉత్తరం ఏమైందో ఫైల్లో లేదు. నేను ఆ నాలుగు పేజీలూ చదివాను. మధ్యలో గొంతు పట్టేసి ఆగాల్సి వచ్చింది. ఆవిడ మాత్రం నాతోపాటు లోగొంతుకతో చెప్పుకుంటూ పోయారు. అంతా కంఠతా వచ్చు.

అంటే ఏడేళ్ళపాటు ఆవిడ దగ్గర ఉన్న జ్ఞాపకం అబద్ధం, దొంగతనంగా తెరిచిన కవరు నకలు నిజం. తమ్ముణ్ణి తిరిగి ఇచ్చింది ఆ ఫైలే అంటారు ఆవిడ. ఎవరైతే దూరం చేశారో వాళ్ళ కాగితమే దగ్గర చేసింది.

తర్వాత కొత్త కవరు విప్పాం.

1989 అక్టోబర్ 9 గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ సోమవారం నికొలాయ్ చర్చిలో ప్రార్థన అయ్యాక దాదాపు 70,000 మంది ప్రభుత్వానికి నిరసనగా లైప్‌జిగ్ రింగ్ రోడ్డు మీద నడిచారు. జూన్‌లో బీజింగ్‌లో నిరసనకారుల మీద కాల్పులు జరిగినప్పుడు తూర్పు జర్మనీ పార్లమెంటు చైనా ప్రభుత్వాన్ని సమర్థించింది. మూడు రోజుల ముందు స్థానిక పత్రికలో ప్రభుత్వ పక్షాన ఉండే ఒక సాయుధ కార్మిక దళ కమాండరు పేరుతో ఉత్తరం పడింది: అవసరమైతే ఆయుధం పట్టి అడ్డుకుంటాం అని. ఆసుపత్రుల్లో రక్తం సిద్ధంగా ఉంచారు. ఇంటినుంచి బయల్దేరినవాళ్ళకి తిరిగొస్తామన్న నమ్మకం లేదు. అయినా వెళ్ళారు. తుపాకి పేలలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఈ ఊళ్ళో ఒక వయసు దాటిన ఎవరినైనా అడగండి, "9వ తేదీన నువ్వెక్కడున్నావ్" అన్నది మామూలు ప్రశ్న కాదు.

మామ్మగారు నడిచారు. నాకు చెప్పారు, కూతురికి చెప్పారు, మనవడు స్కూలు ప్రాజెక్టు కోసం రికార్డు చేసుకున్నప్పుడు గంటసేపు చెప్పారు.

నేను చదివిన పేజీలో మూడు వాక్యాలు. ఆ సాయంత్రం భర్త ఒక్కడే ఇంట్లోంచి వెళ్ళాడు. ఆమె ఇంట్లోనే ఉంది. ఎనిమిది గంటలకి కూడా వంటింట్లో దీపం వెలుగుతోంది.

ఆ వాక్యాలు ఆవిడకి వినిపించింది నా గొంతే. మళ్ళీ చదవమన్నారు. చదివాను. "లేదు" అన్నారు. కాసేపయ్యాక, "ఎవరిచ్చారు?" అన్నారు. మారుపేరు చెప్పాను. పాత కట్టలోనూ ఉన్న మారుపేరే. అసలు పేరు ఆవిడకి 1994లోనే తెలుసు. కింది అంతస్తులో ఉండే ఆవిడ. పోయి చాలా ఏళ్ళయింది.

ఆ తర్వాత కొన్ని వారాలు మేం ఇదే మాట్లాడుకున్నాం. నేను లాయరులా ఆవిడ పక్షాన వాదించాను. ఇన్‌ఫార్మరు నోటితో చెప్తుంది, ఆఫీసరు తర్వాత తన భాషలో రాసుకుంటాడు. చూసిన కంటికీ రాసిన చేతికీ మధ్య ఎంత జారిపోతుందో! చర్చి సంగతి తప్పు రాయలేదూ? ఆవిడ ఒప్పుకోలేదు. "తమ్ముడి ఉత్తరం దగ్గర ఈ ఫైల్ని నమ్మాను. ఇక్కడ నాకు నచ్చలేదని అబద్ధం అనాలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తన జ్ఞాపకాన్ని ఆవిడ పరీక్షించుకున్న తీరు నేనెక్కడా చూడలేదు. కుర్ట్ మజూర్ గొంతు గుర్తుంది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన, శాంతంగా ఉండమని ఆ సాయంత్రం చదివిన ప్రకటన. కానీ అది ఊరంతా లౌడ్‌స్పీకర్లలో, రేడియోలో వచ్చింది, ఇంట్లో కూర్చున్నా వినబడేది. కొట్టేశారు. జనసముద్రం గుర్తుంది. కానీ రడోమ్‌స్కీ, షెఫ్కే అనే ఇద్దరు కుర్రాళ్ళు చర్చి గోపురం మీంచి దొంగచాటుగా తీసిన వీడియో మర్నాడే పశ్చిమ జర్మనీ టీవీలో వచ్చింది, తర్వాత వందసార్లు చూశారు. అదీ కొట్టేశారు. చివరికి మిగిలింది ఒక్కటి: ట్రామ్ పట్టాల మధ్య నడుస్తూ, మడమ గాడిలో ఇరుక్కుంటుందేమోనని కిందికే చూస్తూ నడవడం. అది ఏ టీవీలోనూ రాలేదు. అది ఆవిడదే.

కానీ అది 9వ తేదీయేనా? తర్వాతి సోమవారం, 16న, ఇంకా ఎక్కువమంది నడిచారు. అప్పటికి కాల్చరని తెలిసిపోయింది. ఆ రోజు తను వెళ్ళినట్టు వేరే గుర్తు లేదట. 16 నాటి నడక వారం వెనక్కి జరిగి 9 మీద కూర్చుందా? ఈ ప్రశ్న వేసుకున్నది ఆవిడే. నాకు అడిగే ధైర్యం లేదు. భర్తని అడుగుదామంటే ఆయన లేరు.

రచయిత్రి క్రిస్టా వోల్ఫ్ ప్రస్తావన కూడా ఆవిడే తెచ్చారు. 1993లో ఆమె పేరు పత్రికలకెక్కింది: 1959 నుంచి 1962 దాకా "మార్గరెటె" అనే పేరుతో స్టాసీకి సమాచారం ఇచ్చారని. ఆమె మీద స్టాసీ తర్వాత పోగుచేసిన నిఘా ఫైళ్ళే 42 సంపుటాలు. తను ఇన్‌ఫార్మరుగా ఉన్న సంగతి పూర్తిగా మర్చిపోయానన్నారు ఆమె. అప్పట్లో మామ్మగారు మండిపడ్డారట, ఇంతటి విషయం ఎవరైనా మర్చిపోతారా అని. "ఇప్పుడైతే అంత గట్టిగా అనను," అన్నారు. నాకైతే ఆ రెండూ ఒకటి కావనిపిస్తుంది. ఇతరులకు కీడు చేసిన సంగతి మర్చిపోవడం వేరు, ధైర్యం చేసిన తేదీ తప్పుగా గుర్తుండటం వేరు. ఆ మాట అన్నాను కూడా. తల అడ్డంగా ఊపారు.

మేం ఆలోచించని మూడో సంగతి ఒకటుంది. అదీ ఆవిడకే తట్టింది, ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసి మరీ చెప్పారు. కింది అంతస్తు ఆవిడ కావాలనే అలా చెప్పి ఉండొచ్చు కదా? ఊరేగింపులో ఉందని చెప్తే ఏమయ్యేదో ఆవిడకి తెలుసు. ఆ వారం ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. వంటింట్లో దీపం వెలుగుతోందన్న ముక్క అడక్కుండా ఎవరు చెప్తారు, నమ్మించాలనుకుంటే తప్ప?

తేలదు. ఆఖరి నెలల్లో స్టాసీ వాళ్ళు మిషన్లు పాడైతే చేతులతో చించి నింపిన సంచులు 15,000కు పైగా ఉన్నాయి. 1995 నుంచి మనుషులు కూర్చుని ముక్కలు అతికించారు, కంప్యూటరుతోనూ ప్రయత్నించారు, ఎక్కువ భాగం అలాగే ఉండిపోయింది. వాటిలో ఏదో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

చేయగలిగింది ఒకటుంది. ఆ చట్టంలోనే రాసి ఉంది: ఫైల్లో తన గురించి ఉన్నది తప్పని ఆ మనిషి అభ్యంతరం చెప్తే, పాత కాగితాన్ని ముట్టుకోకుండా, అభ్యంతరాన్ని విడి కాగితం మీద నమోదు చేసి ఫైలుకి జతచేయాలి. వాళ్ళ మాట చెరిగిపోదు, పక్కన మన మాట ఉంటుంది. ఆవిడ చెప్తుంటే నేను టైపు చేశాను. "నేను ఆ సాయంత్రం నడిచాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుందామన్నాను. అనుమానాలు రాస్తే వాళ్ళ మాట ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాను. ఆవిడ ముందు మనవడికి ఫోన్ చేసి విషయం చెప్పి, ఆ తర్వాతే వాక్యాలు చెప్పడం మొదలుపెట్టారు. పోయినవారం పంపాం. ఆవిడ అనుమతితో అందులోంచి:

"నేను చర్చికి వెళ్ళింది పాట కోసం. ఆ విషయంలో ఈ ఫైలు రాసింది పూర్తిగా తప్పు. 1989 అక్టోబర్ 9న నేను రింగ్ రోడ్డు మీద నడిచానని నాకు గుర్తు. అది 16వ తేదీ కాదని ప్రమాణం చేసి చెప్పలేను. ట్రామ్ పట్టాల మధ్య నడిచిన మాట మాత్రం నిజం. ఆ సాయంత్రం నేను ఇంట్లో లేకపోయి ఉంటే, ఉన్నానని చెప్పిన మా పొరుగావిడ నాకు మేలు చేసింది. ఆ సంగతి కూడా ఈ ఫైల్లో ఉండాలని కోరుతున్నాను."